బొట్టుబిళ్ళల మ్యాపు

మా లెక్కల సారు పోయారని మొన్న మా పాత జీపు డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. విజయనగరంలో కూతురి దగ్గర ఉంటున్నారట, నిద్రలోనే పోయారట. "సులువైన సావే లెండి మేడమ్," అన్నాడు. "ఆఖరి దాకా నన్ను నైరుతీ అనే పిలిసినారు. నా పేరు నేర్సుకోనే లేదు," అని నవ్వబోయి ఏడ్చాడు.

నిజమే. ఆయనకి ఎవరి పేరూ గుర్తుండేది కాదు. గుర్తుంచుకోవాలన్న ఆశ కూడా ఉండేది కాదు. డ్రైవరుది మ్యాపులో కింద ఎడం మూలనున్న ఊరు, కాబట్టి వాడు నైరుతి. అటెండరు అనంతగిరి వాడు, కాబట్టి వాడు ఘాట్ రోడ్డు. మా ఊరు మ్యాపులో కుడి అంచున, కాబట్టి నేను "కుడిచెయ్యి పక్క గుంట", అంటే ఆ పక్క పిల్ల. నాకు ఒళ్ళు మండేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, "నాకు పేరుంది సార్," అని ముఖం మీదే అన్నాను. "పేర్లదేటే, ఊరికి పదిమంది ఉంటారు ఆ పేరుతో. నీ ఊరు ఉన్న చోట ఇంకో ఊరు ఉండదు," అన్నారు. అందుకే నేనూ ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. చెల్లుకు చెల్లు.

తొంభైల చివర్లో పాడేరులో జ్వరాల మీద ఒక ప్రాజెక్టు నడిచేది. ఇప్పుడు ఆ ప్రాజెక్టూ లేదు, ఆ బోర్డూ లేదు. అందులో నేను కంప్యూటరు ఆపరేటర్ని, ఆయన లెక్కల అధికారి. ఊరూరా ఎంతమందికి మలేరియా ఉందో కూడబెట్టి పైకి చెప్పడం ఆయన పని. కంప్యూటరు గదిలోకి గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. కరెంటు మాత్రం దేవుడి దయ. మా ఇద్దరి పైన ప్రాజెక్టు పెద్దసారు ఉండేవారు. ఆయనకి రంగుల చక్రాలంటే ప్రాణం. లెక్కలన్నీ ముక్కలు కోసిన గుండ్రటి చక్రాలుగా, అందులోనూ పక్కకి వాలి దళసరిగా కనిపించేటట్టు వేయించేవారు. నేను మొదటిసారి అలాంటివి ఒక పేజీ నిండా వేసి గర్వంగా పట్టుకెళ్ళి మా లెక్కల సారుకి చూపించాను.

"ఇవేటే, గారెలా?" అన్నారు.

"జ్వరాల లెక్క సార్."

"సరే. ఏ ముక్క పెద్దదో చెప్పు సూద్దాం. కింద అంకెలు సూడకుండా చెప్పాల."

నేను చూశాను. ఆకుపచ్చదా, నీలందా? ముందుకి వాలిన ముక్క పెద్దదిగా కనిపిస్తోంది, వెనక్కి వాలింది చిన్నదిగా కనిపిస్తోంది. చెప్పలేకపోయాను. "మరి కంటికి చెప్పని బొమ్మ ఎందుకు? తినడానికైనా పనికిరాదు కదా," అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమంతా ఆయన్ని తిట్టుకుంటూ అదే లెక్కని సాదా కడ్డీలుగా వేసి చూశాను. చీపురుపుల్లల్లా ఉన్నాయి, అందం లేదు. కానీ ఏది పొడుగో పసిపిల్ల కూడా చెప్పేస్తుంది. అదేమిటో నాకు నవ్వొచ్చింది.

కడ్డీలకీ ఆయన దగ్గర తిట్లు తప్పలేదు. ఒక ఏడాది జ్వరాలు కాస్త తగ్గాయి. ఆ కాస్తని కొండంత చేసి చూపించాలని పెద్దసారుకి కోరిక. కడ్డీల అడుగుని సున్నా దగ్గర మొదలెట్టకుండా పైనెక్కడో మొదలెట్టమని నాతో చెప్పారు. చెప్పినట్టే వేశాను. పోయినేటి కడ్డీ తాడిచెట్టంత, ఈ ఏటిది పిల్లమొక్కంత వచ్చింది. లెక్కల సారు దాన్ని చూసి గట్టిగా నవ్వారు. "ఇద్దరు మనుషుల్ని నడుం దాకా గోతిలో పాతేసి, ఎవడు ఎవడికన్నా ఎంత పొడుగని అడుగుతారేటండీ?" అని పెద్దసారుని పదిమందిలో అడిగేశారు. ఆయనకి ప్రమోషను ఎందుకు రాలేదో ఎవరూ పెద్దగా ఆలోచించక్కర్లేదు.

చేతికి ఏది దొరికితే దాని మీద గీసేవారు. జీపు బానెట్టు మీద దుమ్ములో వేలితో వాగులు గీసేవారు. అనంతగిరి ఘాట్‌లో మంచు కమ్మి అద్దం మసకబారితే, డ్రైవరు తుడిచే లోపల దాని మీద ఏదో గీసేసేవారు. "సార్, నాకు రోడ్డు కనపడాల," అని వాడు మొత్తుకుంటే, "నాకూ కనపడాలనే గీస్తన్నాను," అనేవారు. మెస్సులో పళ్ళెంలో అన్నం గుట్టగా పోసి, సాంబారు ఏ పక్కకి జారుతుందో చూస్తూ తినడం మరిచిపోయేవారు. నోటితో చెప్పే మాట ఆయనకి సగమే వినపడేదనుకుంటాను. ఎవరేం చెప్పినా, "గీసి సూపించు," అనేవారు.

అందరిచేతా గీయించేవారు. అదొక పిచ్చి. ఒకసారి డ్రైవర్ని పాడేరు నించి అరకు దాకా రోడ్డు గీయమన్నారు. వాడు సిగ్గుపడుతూనే గీశాడు. చూస్తే దానిలో ఊళ్ళు లేవు, అన్నీ టీ దుకాణాలే. ఎక్కడ పకోడీ బాగుంటుందో అక్కడ పెద్ద సున్నా చుట్టాడు. మేమంతా విరగబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ కాగితాన్ని తిప్పితిప్పి చూసి, "అదీ, నీ బుర్రలో రోడ్డు ఇలాగుందన్నమాట!" అని వాడి భుజం తట్టారు. సంతలో కూర్చుని విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్ముకునే ఒక ముసలమ్మకి కర్రపుల్ల ఇచ్చి ఊరు గీయమన్నారు ఇంకోసారి. ఆవిడ వాగుని చాపంత గీసి, ఊరంతా పక్కన చింతగింజంత పెట్టింది.

"ఏటమ్మా, వాగంత పెద్దదా?"

"పెద్దది కాదు బావు. నీలు మోస్తే పెద్దదే," అంది ఆవిడ.

దారంతా ఆయన ఆ మాటే. ఎవరి మ్యాపులో ఏది పెద్దదిగా ఉంటే అది వాళ్ళకి బరువని, మన మ్యాపులో ఏది పెద్దదిగా ఉందో ఎప్పుడైనా చూసుకున్నామా అని. మాకు ఆకలేస్తోంది. డ్రైవరు తన బొమ్మలోని పెద్ద సున్నా దగ్గర జీపు ఆపాడు.

ఆయన సొంత మ్యాపు ఒక తెల్ల దుప్పటి. దాని మీద సిరాతో మా ప్రాజెక్టు కిందనున్న కొండలన్నీ, వాగులన్నీ, ఊళ్ళన్నీ గీశారు. జ్వరం తేలిన ప్రతి మనిషికీ ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించేవారు. బజారులో గాజుల కొట్టు ఆవిడ దగ్గర బొట్టుబిళ్ళల అట్టలు కట్టలుగా కొనేవారు. "సారుకి ఎందరు ఆడపిల్లలో!" అని ఆవిడ ఆటపట్టిస్తే, "ఈ ఏజెన్సీ అంతా నా పిల్లలే. పెద్దసైజు వద్దు, చిన్నవి ఇయ్యి," అనేవారు. వానాకాలం చెమ్మకి బిళ్ళలు ఊడి రాలేవి. ఒకటి రాలితే చాలు, ఆయన చూపు దాని మీద పడేది. "మనిషి పడిపోయాడు, వెతకండి!" అని కేకేసేవారు. అటెండరూ నేనూ బల్లల కింద దూరి వెతకాలి. ఇంకోటి అంటిస్తే పోయేదానికి ఇంత గోలేమిటని విసుక్కుంటే, "మనుషుల్ని అలాగ మారుస్తారేటే?" అని గుడ్లురిమేవారు.

అంటించాక దూరం జరిగి చూసేవారు. ఒక కన్ను మూసి, వెనక్కి వెనక్కి నడుస్తూ వరండా మెట్ల దాకా పోయేవారు. రెండుసార్లు పడ్డారు కూడా. "దగ్గర్నించి సూస్తే లెక్క, దూరం నించి సూస్తే సంగతి," అనేవారు.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో నన్ను దింపి, గేటు బయట సాయంత్రం దాకా కూర్చుంది, నేను ఏడుస్తానేమోనని. తర్వాత తనకి వాగు అవతల కొండమీది ఊళ్ళో పెళ్ళయింది. జీపు రోడ్డు వాగు దగ్గర ఆఖరు. అక్కణ్ణించి దాటి ఎక్కాలి. వానలు పడి వాగు పొంగితే ఆ ఊరి వాళ్ళు సంతకి దిగరు, మేమూ ఎక్కం. వాగు తగ్గేదాకా ఒకరి కబురు ఒకరికి ఉండదు. అది మాకు మామూలే.

ఆ వానాకాలం కింద ఊళ్ళల్లో జ్వరాలు విరగబడ్డాయి. పాడేరు ఆస్పత్రిలో నేల మీద కూడా చోటు లేదు. నాకు గుండెల్లో అక్కే. కానీ ప్రతి వారం ఫీల్డు వర్కర్లు తెచ్చే లెక్కలు కంప్యూటరులో కొట్టేది నేనే కదా. వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తం తీసి, ఎవరికి జ్వరం ఉందో తేల్చేది వాళ్ళు. అక్క ఊరి ఎదురుగా ప్రతి వారమూ సున్నా. ఆ సున్నా కొట్టినప్పుడల్లా 'అమ్మయ్య' అనుకునేదాన్ని. దుప్పటి మీద కూడా వాగు అవతల ఒక్క బిళ్ళ లేదు. కళ్ళకి చల్లగా ఉండేది ఆ తెలుపు.

పెద్దసారుకీ ఆ తెలుపు తెగ నచ్చింది. విశాఖపట్నం నించి పెద్ద అధికారి వస్తున్నారు, ఈ మ్యాపే చూపిద్దాం అన్నారు. "చూశారా, సగం కొండలకి జ్వరమే లేదు!"

లెక్కల సారు ఒక కన్ను మూసి వరండా చివర దాకా వెళ్ళారు. అక్కడే నిలబడిపోయారు. భోజనానికి రమ్మంటే రాలేదు. చివరికి నన్ను పిలిచారు.

"గుంటా, ఇలారా. ఏటి కనిపిస్తంది?"

"జ్వరాలు సార్."

"జ్వరాలు కాదే. గీత కనిపిస్తంది. సూడు. ఎర్రబిళ్ళలన్నీ వరసగా దండ గుచ్చినట్టు లేవూ?"

ఉన్నాయి. అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఒక పల్చటి ట్రేసింగు కాగితం మీద జీపు రోడ్డు మాత్రం గీసి, తెచ్చి దుప్పటి మీద పరిచారు. ఎర్రబిళ్ళలన్నీ రోడ్డు కిందకి సరిగ్గా వచ్చి కూర్చున్నాయి. రోడ్డు ఆగిన చోట బిళ్ళలూ ఆగాయి.

"దోమకి బస్సు టికెట్టు ఉంటాదేటే? రోడ్డెంటే తిరుగుతాదేటి?" అన్నారు. ట్రేసింగు కాగితం మీద వేలు పెట్టారు. "ఇది జ్వరం బొమ్మ కాదు. ఇది మన జీపు తిరిగిన బొమ్మ."

నాకు వెంటనే అర్థం కాలేదు. కాదు, అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయింది. "వాగవతల మా అక్క ఊరు సార్. అక్కడ జ్వరం లేదు," అన్నాను.

"ఎవరు చెప్పినారు?"

"మీ బొమ్మే సార్."

ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. కళ్ళజోడు తీసి పంచెకి తుడుచుకుంటూ, తుడుస్తూనే ఉన్నారు. కాసేపటికి వాగు వైపు ఊళ్ళు చూసే ఫీల్డు వర్కర్ని పిలిపించారు.

"నాయనా, నిన్నేం అనను. కొండెక్కలేకపోతే ఏటి రాస్తావు?"

"నిల్ రాస్తానండి."

"ఎక్కి, అందరినీ సూసి, ఎవరికీ జ్వరం లేకపోతే?"

"అదీ నిల్లేనండి."

అతను అబద్ధాలకోరు కాడు. మా ఆఫీసులో అందరూ చేసే పనే చేశాడు. 'వెళ్ళలేదు' అని రాస్తే మెమో, ఖాళీగా వదిలేస్తే మెమో. నిల్ అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అది మర్యాద కింద చెల్లిపోయేది. మా కంప్యూటరుకి నిల్ అన్నా సున్నాయే. మా అక్క ఊరు ఆ వానాకాలమంతా సున్నా అయి కూర్చుందంటే, చూసి వేసిన సున్నా కాదది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఆయన, నేను, ఆ ఫీల్డు వర్కరు. వాగు దగ్గర జీపు దిగాం. నీళ్ళు నడుము దాటి పోతున్నాయి. ఎప్పుడూ చెప్పులకి బురద అంటితే విసుక్కునే మనిషి, పంచె ఎగ్గట్టి నాకంటే ముందు దిగారు. మందుల పెట్టె నెత్తిన పెట్టుకున్నారు. "బేగి రండి," అని కేకేశారు వెనక్కి తిరక్కుండా.

ఊరు ఎక్కేసరికి సందడి లేదు. కుక్కలు కూడా బద్ధకంగా చూశాయి. ఏ ఇంట్లో చూసినా కంబళి కింద ఒకరో ఇద్దరో. మా బావ అరుగు మీద వణుకుతూ కూర్చున్నాడు.

"ఇలాగొచ్చినావేటమ్మా?" అన్నాడు నన్ను చూసి.

"అక్కేది బావా?"

"లోన ఉన్నాది. జొరం. మంత్రమేసే దిసారి వచ్చి పూజ సేసినాడు, తగ్గనేదు. నిన్నటి నుండి మాటాడ్డం లేదు. వాగు దాటించడానికి మనుసులు లేరు. అందరూ ఇలాగే పడున్నారు."

అక్క నన్ను చూసింది, గుర్తుపట్టలేదు. నేను పిలుస్తున్నాను, తను అమ్మని పిలుస్తోంది. అయ్యో అక్కా, నీ ఊరి ఎదురుగా సున్నా కొట్టి వారం వారం 'అమ్మయ్య' అనుకున్నానే! అక్కడే గోడకి తల కొట్టుకోవాలనిపించింది.

ఫీల్డు వర్కరు ఇల్లిల్లూ తిరిగి వేళ్ళు గుచ్చి, రక్తం తీసి, మాత్రలు మింగించాడు. మేము కర్రకి కంబళి ఉయ్యాలలా కట్టి డోలీలో అక్కని దించాం. కాస్త నిలబడగలిగిన వాళ్ళు ఇద్దరే ఊళ్ళో. అందుకని ఆయన కూడా భుజం పట్టారు. ఆ మనిషికి ఆయాసం, బట్టతల మీద చెమట ధారలు. మార్చుకుందాం సార్ అంటే వినలేదు. దారంతా దేని మీదా ఒక్క గీత గీయలేదు.

పాడేరు ఆస్పత్రిలో అక్క కళ్ళు తెరవకుండానే ఉంది. మర్నాడు ఆయన దుప్పటి మడత పెట్టుకుని ఆస్పత్రి వరండాలోకి వచ్చారు. నేల మీద పరిచి, బొట్టుబిళ్ళల అట్ట నా చేతికిచ్చారు. "పలకలు సూసినారు. మీ అక్క ఊరి లెక్క ఇది. నువ్వే అంటించు."

బావకి ఒకటి, పక్కింటామెకి ఒకటి, అలా అంటిస్తూ పోయాను. అక్క దగ్గరికొచ్చేసరికి బిళ్ళని తిరిగి అట్టకే అంటించేశాను. అది అంటిస్తే ఏదో అయిపోతుందని భయం. "నా వల్ల కాదు సార్," అన్నాను.

"ఇది పోయినోళ్ళ గుర్తు కాదే పిచ్చిదానా. మనం సూసినామని గుర్తు," అన్నారు. నా చెయ్యి పట్టుకోలేదు, అట్ట లాక్కోలేదు. నేను అంటించేదాకా పక్కన కూర్చున్నారు.

తర్వాత ఆయన చేసిన పనికి ఆఫీసంతా అదిరిపోయింది. ఫీల్డు వర్కర్లందరినీ ఒక్కొక్కరినే పిలిచి, "మెమో లేదు, ఏటీ లేదు. ఈ ఊరు ఎక్కావా, లేదా?" అని అడిగారు. లేదన్న ప్రతి ఊరి మీదా నల్లసిరాతో ఏటవాలు గీతలు కొట్టారు. సాయంత్రానికి ఆ తెల్లటి సగం దుప్పటి మసిగుడ్డలా అయింది.

పెద్దసారు చూసి మండిపడ్డారు. "రేపు మీటింగు పెట్టుకుని ఈ మురికిగుడ్డ ఏంటయ్యా? పాత మ్యాపు తీసుకురా!"

"పాతదీ ఇదేనండి. దాని మీదే గీసినాను. ఉతికితే రెండూ పోతాయి."

"నీ ఉద్యోగం కూడా పోతుంది."

"పోతే పోనియ్యండి. ఆ గీత మాత్రం సెరపను," అన్నారు. గొంతు పెంచలేదు గానీ, పెద్దసారు వెళ్ళాక ఒక చిత్తుకాగితం మీద తన జీతం, అప్పులు లెక్కేసుకున్నారు. నేను చూశాను. కూతురి పెళ్ళి ఇంకా కాలేదు అప్పటికి. ఆయనా ఏం మహావీరుడు కాదు.

మీటింగులో గోడకి మేకు లేదు. దుప్పటి ఒక చివర డ్రైవరు పట్టుకున్నాడు, ఇంకో చివర నేను పట్టుకున్నాను. విశాఖ నించి వచ్చిన పెద్ద అధికారి లేచి దగ్గరికి వచ్చారు. పై అధికారి ఎవరైనా ఆ మ్యాపుని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"ఎర్రవి జ్వరాలు, తెలిసింది. ఈ నల్లగీతలు ఏమిటి?"

"అది సార్, డ్రాయింగులో చిన్న..." అని మా పెద్దసారు అందుకోబోయారు. లెక్కల సారు ఆయన్ని దాటుకుని నా వైపు చూశారు. "నువ్వు సెప్పు," అన్నారు.

"అవి మనవాళ్ళెవరూ ఎక్కని ఊళ్ళు సార్," అన్నాను. "అక్కడ జ్వరం ఉందో లేదో మనకి తెలీదు."

"ఇన్ని ఊళ్ళా?"

"ఇన్నీ సార్. పోయిన వారం దాకా మా అక్క ఊరూ వీటిలోదే."

"ఇప్పుడావిడ ఎక్కడుంది?" అన్నారాయన.

రెండు చేతులా దుప్పటి పట్టుకుని ఉన్నాను, గడ్డంతో చూపించాను. "ఆ ఎర్రబిళ్ళ సార్, వాగు అవతలది. ఈ పొద్దున్నే లేచి అంబలి అడిగింది."